డిగ్రీ మొదటి ఏడాది పర్యావరణం పేపరు: గైడులో మినమాటా చాలా, ఊరి బావి కూడా కావాలా?

టెక్కలి మాస్టారు (చర్చ మొదలుపెట్టినవారు)

మొన్న ఇంటర్నల్ పేపర్లు దిద్దుతున్నాను. ప్రశ్న నీటి కాలుష్యం మీద. ఒకమ్మాయి మినమాటా జబ్బు గురించి రెండున్నర పేజీలు రాసింది. జపాన్, పాదరసం, చేపలు తిన్న పిల్లులు పిచ్చెక్కినట్టు గెంతడం, అన్నీ ఉన్నాయి. పదికి ఎనిమిది వేశాను. ఆ పిల్లది కవిటి వైపు ఊరు. వాళ్ళ నాన్నని డయాలసిస్‌కి తీసుకెళ్ళే రోజు కాలేజీకి రాదు. కిడ్నీ జబ్బులతో అల్లాడుతున్న తమ ప్రాంతం ఉద్దానం, ఆ మాటే జవాబులో లేదు. పిలిచి అడిగితే "గైడులో లేదు కదా మాస్టారూ" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ పేపరు ఊరికే రాలేదు. పర్యావరణం తప్పనిసరిగా చెప్పాలని 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత యూజీసీ డిగ్రీ పిల్లలందరికీ ఆరు నెలల సిలబస్ తయారుచేసింది. అందులో వంద మార్కులకి 25 ఫీల్డు వర్కువి. ఊరి ఏరో, కొండో, పాడైన చోటో చూసొచ్చి రాయాలి. ఆ 25 చాలాచోట్ల ఎలా పడుతున్నాయో చెప్పనక్కర్లేదు: పాత రికార్డుకి కొత్త అట్ట. సగం మార్కులు సొంత ఊరి మీదే పెట్టాలంటాను. మీరేమంటారు?

నాగావళి ఒడ్డు

మాస్టారూ, నేనూ ఇదే పేపరు చెప్తున్నాను. సెక్షన్లో అరవైమంది, వారానికి రెండు క్లాసులు. బస్సు ఎవరిస్తారు? పిల్లకేమైనా అయితే జవాబెవరు చెప్తారు?

మినమాటాని తక్కువ చెయ్యకండి. ఆ జబ్బు 1956లో బయటపడింది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసమే కారణమని అక్కడి ప్రభుత్వం తేల్చి చెప్పింది 1968లో. మధ్యలో పన్నెండేళ్ళు జనం అవే చేపలు తిన్నారు. ఇది సరిగ్గా చదివిన పిల్లకి ఉద్దానం గురించి ఏం అడగాలో దానంతటదే తెలుస్తుంది.

టెక్కలి మాస్టారు

ఒప్పుకుంటాను. కానీ ఆ పన్నెండేళ్ళ సంగతి మా పిల్లలు వాడే గైడులో లేదు, ఇప్పుడే చూశాను. లక్షణాలు, కారణాలు, నివారణ. అంతే.

బీల గట్టు

మాది సోంపేట. 2010 జులై 14న మా బీలలో (నీళ్ళు నిలిచే పల్లపు నేలలో) థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ళ మీద కాల్పులు జరిగినప్పుడు నేను ఐదో తరగతి. ఇద్దరు చనిపోయారు. తర్వాత ప్లాంటు అనుమతి రద్దయింది. మా అయ్య ఇప్పటికీ ఆ బీల నీళ్ళతోనే మడి తడుపుతాడు. డిగ్రీలో "చిత్తడి నేలల ఉపయోగాలు" అని ఐదు పాయింట్లు బట్టీ పట్టాను. మా బీల కూడా చిత్తడి నేలేనని ఆ క్లాసులో ఒక్కరూ అనలేదు. అదేటి చదువండీ?

విజయనగరం అమ్మ

మా అమ్మాయి బీకాం మొదటి ఏడాది. ఆదివారాలు ఊళ్ళు తిప్పుతామంటే నేను పంపను, ముందే చెప్తున్నాను. మార్కులు పోతే పోనీ.

నాగావళి ఒడ్డు

నా భయం ఇంకొకటుంది. ఉద్దానం జబ్బుకి పురుగుమందులే కారణమని ఒకరు, నీళ్ళలో సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) అని ఇంకొకరు అంటారు. ఇన్నేళ్ళ పరిశోధన తర్వాత కూడా ఇదీ కారణమని తేలలేదు. క్లాసులో మనం ఒక మాట జారితే అది సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. అయినవాళ్ళు మంచాన ఉన్న ఇళ్ళండీ అవి.

టెక్కలి మాస్టారు

ఆ "తేలలేదు" అన్న మాటే నేను పిల్లల చేత రాయించాలనుకుంటున్నది. ఇప్పుడు అలా రాస్తే మార్కులు రావు. నాలుగు కారణాలు నంబర్లేసి రాస్తే వస్తాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు ఉద్దానానికి పైపుల్లో తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. అంటే నీళ్ళే కారణమని తేలిందా? లేదు. తేలేదాకా ఆగకుండా జాగ్రత్త పడ్డారు. ఈ తేడా పద్దెనిమిదేళ్ళ పిల్లకి అర్థమైతే నాకు ఆ ఏడాదికి అది చాలు.

ఇక అమ్మా, ఎవరినీ ఎక్కడికీ తిప్పను. ఇంటి నీళ్ళు ఒక సీసాతో తెస్తే చాలు. క్లాసులోనే చూద్దాం.

నాగావళి ఒడ్డు

సీసాలు బాగానే ఉన్నాయి. టీడీఎస్ మీటరు ముంచి నంబరు తక్కువొచ్చింది కాబట్టి నీళ్ళు మంచివని మాత్రం రాయించకండి. అది కరిగిన లవణాల సంగతి చెప్తుంది. సిలికా దానికి దాదాపు అందదు, పురుగుమందు అసలే అందదు. ఆ మీటరు ఏం చెప్పదో కూడా రికార్డులో ఒక పేజీ రాయించండి. అలాగైతే వచ్చే సెమిస్టరు మా సెక్షన్లో నేనూ పెడతాను.

విజయనగరం అమ్మ

సీసా అయితే పంపుతాను మాస్టారూ. ఇప్పుడే మా అమ్మాయిని అడిగాను, మన కుళాయిలో వచ్చేవి ఏ ఏటి నీళ్ళే అని. దానికీ తెలీదు, నాకూ తెలీదు. ఈ ఇంటికొచ్చి ఇరవై రెండేళ్ళయింది. రేపు మున్సిపాలిటీకి వెళ్ళి కనుక్కుంటానంటోంది.