‘ఐడియా’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: ఒక అనువాదాన్ని సరిచూస్తుండగా ‘నాకు ఆ విషయంలో ఆలోచన లేదు’ అనే వాక్యం ఎదురైంది. మూలంలో ఉన్నది ‘నో ఐడియా’. వ్యాకరణ దోషమేదీ కనబడదు గాని చెవికి మాత్రం పొసగడం లేదు. ఐడియాకు ‘ఆలోచన’ సరిపోదా? హైదరాబాదులో చదువుకున్నవారూ చదువుకోనివారూ కూడా ఐడియా అనే అంటున్నారు కనుక దాన్నే ఉంచడం మేలా? పెద్దలు తెలుపగలరు.

సమాధానం: మీ చెవి చెప్పిందే నిజమండీ. ‘ఇప్పట్లో ఇల్లు కొనే ఆలోచన లేదు’ అన్నప్పుడు మనకు తోచే అర్థం ఉద్దేశం లేదని. కాబట్టి మీరు చూపిన వాక్యం చదివిన తెలుగువాడు ‘ఇతనికి ఆ పని చేసే తలంపు లేదు కాబోలు’ అనుకుంటాడే తప్ప, విషయం తెలియదని గ్రహించడు. అక్కడ కావలసింది ‘నాకు బొత్తిగా తెలియదు’. మెహదీపట్నంలో ఆటో ఆపి ఏదైనా సందు ఎక్కడని అడిగితే ‘ఐడియా లేదు సార్’ అంటారు. అదే మాటను తెలంగాణ పల్లెల్లో ‘నాకెరుక లేదు’ అంటారు. ఇంత చక్కని ‘ఎరుక’ ఉండగా అనువాదకులు దాన్ని మాండలికమని పక్కన పెట్టడం నాకు నచ్చదు.

అలాగని ‘ఆలోచన’ ఐడియాకు దూరపు మాటేమీ కాదు. ఐడియా గ్రీకు నుంచి వచ్చింది. అక్కడ దానికి మొదటి అర్థం కంటికి కనబడే రూపం. చూచుట అనే అర్థం గల ధాతువు నుంచి పుట్టిన ఆ పదాన్ని ప్లేటో, ఇంద్రియాలకు అందక బుద్ధికి మాత్రమే గోచరించే నిత్యమైన రూపాలకు వాడాడు. మన విద్య, వేదం అనే మాటలకు మూలమైన ‘విద్’ ధాతువు దానికి జ్ఞాతి. ఇక ‘ఆలోచన’లో ఉన్న ‘లోచ్’ ధాతువుకు కూడా చూచుట అనే అర్థమే. కంటిని లోచనమనడం అందువల్లనే. సాంఖ్య దర్శనానికి మూలగ్రంథమైన సాంఖ్యకారికలో అయితే శబ్దస్పర్శాదులను జ్ఞానేంద్రియాలు కేవలం గ్రహించడాన్నే ‘ఆలోచన’ అన్నారు, అంటే మనసు ఇంకా విచారణ మొదలుపెట్టని దశ అది. నేటి తెలుగులో ఆ మాట కంటి నుంచి మనసుకు మారింది. అయినా పుట్టుక కలిసినంత మాత్రాన వాడుక కలవదు.

నా అభిప్రాయంలో ఇక్కడ నామవాచకాన్ని కాక, దాని వెంట నడిచే క్రియను చూడాలి. తెలుగులో ఉపాయం తడుతుంది, లేదా ఎవరో చెబుతారు, ఆలోచన వస్తుంది, మనం చేస్తాం కూడా, భావం కలుగుతుంది, దాన్ని వెల్లడిస్తాం, ఊహ అందుతుంది, అందకపోతే ‘ఊహకందనిది’ అంటాం, అవగాహన ఏర్పడుతుంది. ఇంగ్లీషు వాక్యంలో ఐడియా ఏం చేస్తున్నదో గమనిస్తే తెలుగు మాట దానంతటదే దొరుకుతుంది. చిక్కులో పడ్డ మిత్రుడు ఐడియా చెప్పమంటే అది ఉపాయమే. ఉపాయం చెప్పమంటే ఉరితాడు తెచ్చుకోమన్నాడనే సామెతలో ‘ఆలోచన’ అని పెట్టి చూడండి, సామెత చప్పబడిపోతుంది. ‘మా ఐడియా ఏమిటంటే’ అని మొదలుపెడితే అది ఉద్దేశం. తానొకటి తలచిన దైవమొకటి తలచుననే చోట ‘తలచు’ చేస్తున్న పని కూడా ఇదే.

న్యాయశాస్త్ర అనువాదంలో మాత్రం ఎంపిక ఇంత స్వేచ్ఛగా ఉండదు. ఒక నాటకం ఆధారంగా సినిమా తీశారన్న వివాదంలో 1978లో సుప్రీంకోర్టు, ఐడియాకు గాని ఇతివృత్తానికి గాని కాపీరైటు ఉండదని, వాటిని రచయిత వ్యక్తీకరించిన తీరుకే రక్షణ ఉంటుందని చెప్పింది. ఇక్కడ ‘ఉపాయం’ అంటే నవ్వులపాలవుతాం, ‘ఆలోచన’ అంటే కొంత పలచబడుతుంది. ‘భావం, భావవ్యక్తీకరణ’ అనే జంట ఆ భేదాన్ని సూటిగా నిలబెడుతుంది కనుక నేనైతే దాన్నే వాడతాను.

మరొకరు: ‘రఫ్ ఐడియా’ సంగతేమిటండీ? ‘ఖర్చెంతవుతుందో రఫ్ ఐడియా చెప్పండి’ అని మా కార్యాలయంలో రోజూ వింటాను.

సమాధానం: అది అంచనా. పారసీకం నుంచి ఉర్దూ మీదుగా మనకు చేరిన ‘అందాజు’ కూడా ఉంది, ‘అందాజుగా ఎంతవుతుంది?’ అంటే నగరంలో అర్థం కానివారుండరు. ఐడియాను పూర్తిగా మానేయమని నేననను. నవలలో నేటి హైదరాబాదు పాత్ర మాట్లాడుతున్నప్పుడు ఐడియా అనే అనాలి, అక్కడ ‘ఉపాయము తోచినది’ అనిపిస్తే కృతకంగా ఉంటుంది. వ్యాసంలో, పాఠ్యపుస్తకంలో ఆ వెసులుబాటు తక్కువ.

ఈ కుటుంబంలోనే ఉన్న మరో రెండు మాటల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఐడియాలజీకి ‘భావజాలం’ స్థిరపడిపోయింది, దానితో పేచీ లేదు. ఐడియలిజం దగ్గరే చాలామంది తడబడుతున్నారు. పదార్థం కంటె చైతన్యమే మూలమనే తత్త్వశాస్త్ర సిద్ధాంతమైతే అది భావవాదం. ఉన్నతాశయాల కోసం బతకాలనే మనస్తత్వమైతే ఆదర్శవాదం. చైతన్యమే మూలమన్న జర్మన్ తత్త్వవేత్త హెగెల్‌ను ఆదర్శవాది అని రాసినా, ఉద్యోగం వదిలి ఊరిలో బడి పెట్టిన యువకుణ్ణి భావవాది అని రాసినా అర్థం తారుమారవుతుంది.