ఏ లక్షణాలూ లేనివారికి సీఏ 19-9 పరీక్ష చేయించాలా?

గుంటూరు పాఠకురాలు:
మా నాన్నగారు క్లోమ క్యాన్సర్‌తో పోయారు. కళ్లు పచ్చబడి ఆసుపత్రికి వెళ్లేనాటికే వ్యాధి కాలేయానికి పాకింది, ఆపరేషన్‌కు వీలు లేదన్నారు. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఈ క్యాన్సర్‌కు సూచికగా చూసే సీఏ 19-9 రక్తపరీక్షను ఎలాగూ కలుపుతున్నారు కనుక, యాభై దాటిన ప్రతి ఒక్కరికీ ఏటా ఈ పరీక్ష చేయించాలని నా వాదన. వద్దనేవారు కారణం చెప్పాలి.

ల్యాబ్ వైద్యుడు:
అమ్మా, మీ నాన్నగారి విషయంలో జరిగిన ఆలస్యమే ఈ జబ్బులో అసలు విషాదం. అయినా ఈ పరీక్ష దానికి మందు కాదు. సీఏ 19-9 అనేది మ్యూసిన్ ప్రొటీన్లకు అతుక్కుని ఉండే ఒక చక్కెర గొలుసు. ఏ, బీ, ఓ గ్రూపుల్లాంటిదే మరొకటైన లూయిస్ రక్తవర్గం లేనివారి శరీరం దాన్ని దాదాపు తయారు చేయదు కనుక, నూటికి ఐదు నుంచి పది మందిలో కణితి ఎంత పెరిగినా అంకె పెరగకపోవచ్చు. మరోవైపు పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, క్లోమం వాచినా అది పెరుగుతుంది. కామెర్లతో వచ్చిన ఒకావిడ రిపోర్టులో 37 దాటకూడని అంకె వెయ్యి దాటింది. ఇంటిల్లిపాదీ క్యాన్సరే అనుకుని ఏడ్చారు. రాయి తీసిన కొన్ని వారాలకు అది మామూలు స్థాయికి దిగింది.

లెక్క కోసం, యాభై దాటిన లక్ష మందిలో 20 మందికి ఈ వ్యాధి ఉందనుకుందాం. పరీక్ష రోగుల్లో 80 శాతం మందిని పట్టుకుని, ఆరోగ్యవంతుల్లో 10 శాతం మందిని పొరపాటుగా అనుమానించినా, దొరికేది 16 మంది, అకారణంగా భయపడేది దాదాపు పదివేల మంది. వారందరికీ సీటీ స్కాన్లు, కొందరికి సూదితో కణాలు తీసి చూసే పరీక్షలు తప్పవు. లక్షణాలు లేనివారికి ఈ వ్యాధి స్క్రీనింగ్ వద్దని అమెరికా నిపుణుల కార్యదళం 2019లో మరోసారి చెప్పింది.

గుంటూరు పాఠకురాలు:
మరి కీమో జరుగుతున్నంత కాలం నాన్నగారికి ఇదే పరీక్ష పదేపదే ఎందుకు చేశారు? ఈ క్యాన్సర్‌ను రక్తంలో గుర్తించేందుకు కొత్త ప్రొటీన్లు వచ్చాయంటున్నారు, వాటి సంగతేమిటి?

ల్యాబ్ వైద్యుడు:
రోగం నిర్ధారణ అయ్యాక ప్రశ్నే మారిపోతుంది. అప్పుడు ఆ మనిషి అంకెను ఆ మనిషి పాత అంకెతోనే పోలుస్తాం. కీమోతో దిగితే మందు పనిచేస్తోందని, ఆపరేషన్ తర్వాత దిగినది మళ్లీ ఎక్కితే వ్యాధి తిరగబెట్టి ఉండవచ్చని అనుమానిస్తాం. అప్పుడు కూడా స్కాన్‌తో సరిచూసుకోవాలి, కామెర్లుంటే అవి తగ్గాకే అంకెను నమ్మాలి.

కొత్తవాటిలో థ్రాంబోస్పాండిన్-2 అనే ప్రొటీన్ నాకు ఆశ కలిగించింది. సీఏ 19-9తో కలిపి చూస్తే తొలిదశ రోగులను కూడా బాగా వేరు చేస్తోందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ బృందం 2017లో ప్రచురించింది. కానీ అప్పటికే రోగమని తేలినవారి రక్తంలో వేరు చేయడం ఒకటి, రోగం బయటపడకముందే జనంలో పట్టుకోవడం మరొకటి.

మీరు అడగవలసింది జన్యుపరీక్ష గురించి. ఈ క్యాన్సర్ ముప్పు పెంచే, బీఆర్‌సీఏ2 వంటి జన్యువులోని లోపం కుటుంబంలో ఉంటే, ఎమ్మారై, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటిగుండా గొట్టం పంపి లోపలి నుంచి చేసే స్కాన్)లతో నిఘా పెట్టే పద్ధతి ఉంది.

గుంటూరు పాఠకురాలు:
నాన్నగారికి ఆ పరీక్ష చేయలేదు. తమ్ముడూ నేనూ ఈ వారమే అడుగుతాం. అందరికీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చి, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారి సంగతి వేరు. నాన్నగారికి కామెర్లకు ఎనిమిది నెలల ముందు అదే జరిగింది, మాత్ర రాసి పంపేశారు. అలాంటివారికి స్కాన్ కూడా వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను.

ల్యాబ్ వైద్యుడు:
అక్కడ నేనూ మీ పక్షమే.