లేమ్ చబాంగ్‌లో ఓడ దిగి బ్యాంకాక్ చూసి రావడానికి ఈ ప్లాన్ సరిపోతుందా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి నలుగురం, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో సహా, సింగపూర్‌లో క్రూజ్ ఎక్కుతున్నాం. టికెట్‌లో బ్యాంకాక్ అని ఉన్నా ఓడ ఆగేది లేమ్ చబాంగ్ రేవులో. అక్కణ్ణుంచి నగరం సుమారు 130 కి.మీ., అంటే దాదాపు మన ఎల్బీనగర్ నుంచి సూర్యాపేట అంత. కారులో రెండు గంటలు, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ.

అసలు చిక్కు గడియారంతో. ఓడలో సింగపూర్ టైమే నడుస్తుందన్నారు. థాయ్‌లాండ్ దానికి గంట వెనక. ఓడ టైం 8కి దిగి 5 కల్లా ఎక్కేయాలి, అంటే అక్కడి టైంలో 7 నుంచి 4. రేవు దాటి గ్రాండ్ ప్యాలెస్ చేరేసరికి 10 అవుతుంది. ఒంటిగంటకల్లా బయల్దేరకపోతే ప్రమాదమే, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగదు.

ఆ మూడు గంటల్లో ప్యాలెస్, పక్కనే 46 మీటర్ల శయన బుద్ధుడున్న వాట్ ఫో చూడాలని ఉంది. ప్యాలెస్ టికెట్ 500 బాత్, భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు తప్పనిసరి. నిటారు మెట్ల వల్ల వాట్ అరుణ్ గుడి వదిలేశాం. "ఇవాళ ప్యాలెస్ మూసేశారు" అని దారిలో ఎవరన్నా నమ్మం, అది టూరిస్టులను మోసం చేసేవాళ్ల మాట.

ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: ప్యాలెస్‌లో ఎండలో నడక ఎక్కువ కదా, అమ్మ కోసం ముందు అదే చూసేయడం మేలా? డ్రైవర్‌ను తిరిగి ఎక్కడ కలుసుకుంటే సులువు? శాకాహార భోజనానికి బ్యాంకాక్‌లో భారతీయుల పేట అయిన పాహురాట్ దాకా వెళ్లే టైం ఉంటుందా, లేక ఓడలోనే ఏదైనా తినేసి దిగడం నయమా?