అడ్తి దుకాణం లెక్కలకు బ్యాకప్: హార్డ్ డిస్కా, క్లౌడా?

ఖమ్మం_అడ్తి

మాది ఖమ్మం మార్కెట్‌లో మిర్చి, పత్తి అడ్తి, అంటే రైతుల పంటను కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం. మొన్న మా వరసలోనే ఒక దుకాణం షట్టర్ లేపి సీపీయూ ఎత్తుకుపోయారు. గల్లాపెట్టెలో పోయింది తక్కువే. కానీ తక్‌పట్టీలు (పంట అమ్మాక రైతుకు ఇచ్చే లెక్క చీటీలు), రైతులకు ఇచ్చిన అడ్వాన్సులు, కొనుగోలుదారుల నుంచి రావాల్సిన బాకీలు మొత్తం అందులోనే ఉన్నాయి. ఇప్పుడాయన ఒక్కో రైతుకూ ఫోన్ చేసి, మీ దగ్గరున్న తక్‌పట్టీ ఫోటో తీసి పంపండి అని అడుగుతున్నాడు. సీజన్ మధ్యలో ఈ తిప్పలు చూస్తుంటే మాకూ టెన్షన్ పట్టుకుంది.

మేం లెక్కలకు ట్యాలీ సాఫ్ట్‌వేర్ వాడతాం. పోర్టబుల్ హార్డ్ డిస్క్ ఒకటి కొంటే చాలని మా గుమాస్తా అంటున్నాడు. డిస్క్ దండగ, క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా గూగుల్ డ్రైవ్‌లో పెట్టేస్తే సరిపోతుందని మా బావమరిది అంటున్నాడు. నెలనెలా పెద్ద ఖర్చు మావల్ల కాదు. ఏది చేయమంటారు?

పాతబజార్

డిస్కే కొనండి అన్నా. ఒక్కసారి ఐదారు వేలు పెడితే అయిపోతుంది. నెట్ లేకపోయినా పని ఆగదు. రైతుల బ్యాంక్ ఖాతా నంబర్లు ఎవరి సర్వర్‌లోనో పెట్టడం నాకైతే ససేమిరా ఇష్టం లేదు. మన లెక్కలు మన చేతిలో ఉండాలి.

సింగ్‌నగర్_స్టోర్స్

పాతబజార్ గారూ, మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వచ్చినప్పుడు మా వీధిలో దుకాణంలోని సిస్టమూ, ఇంట్లో బీరువాలో దాచిన డిస్కూ ఒకే నీళ్లలో మునిగినవాళ్లు ఉన్నారు. ఇల్లూ కొట్టూ పక్కపక్కనే ఉంటే డిస్క్ ఇంటికి తీసుకెళ్లి లాభమేంటి? అదే రోజు మీ ఖమ్మంలో మున్నేరు చేసిన పని మీకు నేను చెప్పాలా? నా ఓటు క్లౌడ్‌కే. 15 జీబీ దాకా ఉచితం, అడ్తి లెక్కలకు అది ఎక్కువే.

పద్దులమనిషి

చాలా దుకాణాల లెక్కలు చూసేవాణ్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మీ ఇద్దరి మాటా సగం నిజమే. కానీ ఏది ఎంచుకోవాలనే దగ్గరే వాదన ఆగిపోతోంది. దొంగ ఎత్తుకుపోవడం, నీళ్లు రావడం, వైరస్ పడటం మూడూ వేర్వేరు ప్రమాదాలు. ఒకదానికి పనికొచ్చే కాపీ ఇంకోదానికి పనికి రాకపోవచ్చు.

ముందు డిస్క్ సంగతి. ఎక్కువ దుకాణాల్లో డిస్క్ కొంటారు, యూఎస్‌బీకి తగిలిస్తారు, ఇక తీయరు. సీపీయూ ఎత్తుకెళ్లేవాడు దానికి వేలాడే డిస్క్‌ను వదిలిపెడతాడా? రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, పడిందంటే అది సీ డ్రైవ్‌తో ఆగదు, తగిలించి ఉన్న ప్రతి డ్రైవ్‌నూ లాక్ చేస్తుంది. మనంత చిన్నవాళ్ల జోలికి ఎవరొస్తారు అనుకోకండి. 2017 మేలో వచ్చిన వనాక్రై అనే రాన్సమ్‌వేర్ మనిషిని చూసి రాలేదు, అప్‌డేట్ చేయని విండోస్ ఎక్కడ కనిపిస్తే అక్కడ దూరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. అది దూరిన విండోస్ లోపాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది.

ఇక గూగుల్ డ్రైవ్. ట్యాలీ డేటా ఫోల్డర్‌ను నేరుగా సింక్‌లో (ఇక్కడి ప్రతి మార్పూ దానంతటదే క్లౌడ్‌కు వెళ్లేలా) పెట్టేవాళ్లను చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి. ట్యాలీ తెరిచి ఉండగా ఆ ఫైళ్లు నిమిషనిమిషానికీ మారుతుంటాయి. సింక్ సగం పాతవి, సగం కొత్తవి ఎక్కించే ప్రమాదం ఉంది. పైగా ఇక్కడ ఫైల్ పాడైతే పాడైన ఫైలే పైకి వెళ్తుంది, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. ఏప్రిల్‌లో పోయిన ఖాతా సంగతి ఆడిట్ అప్పుడు బయటపడితే ఏం చేస్తారు?

సాయంత్రం ఎంట్రీలు అయ్యాక ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కి, బ్యాకప్ ఎంచుకుని, ఆ రోజు తేదీ పేరుతో కొత్త ఫోల్డర్‌లోకి తీయండి. పాతదాని మీదే రాయకండి. ఆ ఫోల్డర్‌ను క్లౌడ్‌కు ఎక్కించండి. వారానికోసారి డిస్క్ తగిలించి కాపీ చేసి, తీసేసి, దుకాణంలో కాకుండా వేరేచోట పెట్టండి. ఊళ్లోనే ఇంకో పేటలో ఉండే చుట్టాల ఇల్లయినా ఫరవాలేదు.

ఇంకో మాట. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు పద్దులు దాచాలి. 2023-24 లెక్కలైతే 2030 డిసెంబర్ ఆఖరు దాకా అన్నమాట. అందుకని ఏటా మార్చి ముగిశాక తీసే కాపీని విడిగా ఉంచండి, అది ఎప్పటికీ చెరపకూడదు.

పాతబజార్

డిస్క్ తీసి దాచాలన్నది ఒప్పుకుంటా. క్లౌడ్ మీద నా అనుమానం మాత్రం తీరలేదు. నేనడిగేది ఖర్చు గురించి కాదు. రైతు మనల్ని నమ్మి ఖాతా నంబరు, ఆధార్ జిరాక్స్ ఇస్తాడు. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టే హక్కు మనకుందా?

తాళంచెవి

ఈ చర్చలో అసలు ప్రశ్న ఇప్పుడే వచ్చింది. బ్యాకప్ మీ లెక్కలను మీకు తిరిగిస్తుంది. దొంగ చేతిలో పడిన కాపీని మాత్రం అది వెనక్కి తేలేదు. అందరూ ఈ రెండో సగాన్ని వదిలేస్తున్నారు. తాళం లేని డిస్క్‌ను చుట్టాల ఇంట్లో పెట్టారంటే, దొంగతనానికి ఇంకో చోటు కూడా చూపించినట్టే.

విండోస్ పాస్‌వర్డ్ ఉందిగా అనుకోవద్దు. సీపీయూలోంచి డిస్క్ ఊడదీసి ఇంకో మెషీన్‌కు తగిలిస్తే ఆ పాస్‌వర్డ్ అడగనే అడగదు. విండోస్ ప్రో ఉంటే అందులోనే ఉండే, డిస్క్ మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ చేయండి, అదనంగా పైసా ఖర్చు లేదు. హోమ్ ఎడిషన్ అయితే అదే పని చేసే వెరాక్రిప్ట్ ఉచితం. ట్యాలీలోనే ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెడితే కంపెనీ డేటా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మారుతుంది.

పాతబజార్ గారి అనుమానానికి కూడా ఇందులోనే మందు ఉంది. ఆ రోజు బ్యాకప్ ఫోల్డర్‌ను 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాస్‌వర్డ్ పెట్టి, ఏఈఎస్-256 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఎంచుకుని ఒకే ఫైల్‌గా చేసి, ఆ ఫైల్‌నే క్లౌడ్‌కు పంపండి. పాస్‌వర్డ్ గట్టిదైతే సర్వర్ ఎవరిదైనా వాళ్లకు లోపలిది చదవడం కుదరదు. రైతు ఆధార్ జిరాక్స్‌ల స్కాన్లు కూడా డెస్క్‌టాప్ మీద వదిలేయకుండా అందులోనే వేయండి.

సింగ్‌నగర్_స్టోర్స్

సాయంత్రం ఏడింటికి కొట్టు కట్టేసే హడావుడిలో రోజూ ఇవన్నీ ఎవరు చేస్తారండీ? పద్ధతి ఎంత మంచిదైనా వారం తిరిగేసరికి ఆగిపోతే దండగే. నేనైతే ఆటోమేటిక్‌గా జరిగేదే పెట్టమంటాను.

పద్దులమనిషి

ఈ మాటకు నేను అడ్డు చెప్పను. రోజువారీ పని ఆటోమేటిక్‌గా పెట్టించడమే మంచిది, నలిగిన మనిషి మీద వేయకూడదు. కానీ ఆటోమేటిక్ అన్నాక ఎవరూ తొంగిచూడరు. నెట్ రీచార్జి అయిపోయి, స్టోరేజీ నిండిపోయి నెలలుగా ఆగిపోయినా తెలియదు. శనివారం డిస్క్ తగిలించినప్పుడు క్లౌడ్‌లో ఆఖరి ఫైల్ తేదీ చూడమని గుమాస్తాకు చెప్పండి. ఒక్క చూపు చాలు.

ఖమ్మం_అడ్తి

అందరికీ దండాలు. రెండు సందేహాలు. ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ మర్చిపోతే? ఇదంతా గుమాస్తా చేతిలో పెట్టాలా, నేనే చేయాలా? అతను నమ్మకస్తుడే, నాన్నగారి కాలం నుంచీ ఉన్నాడు.

తాళంచెవి

ట్యాలీవాల్ట్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఆ డేటా పోయినట్టే అన్నా, ఎవరూ తెరవలేరు. బిట్‌లాకర్ అయితే 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది, దాన్ని ప్రింట్ తీయండి. అన్ని పాస్‌వర్డ్‌లూ కాగితం మీద రాసి కవర్‌లో పెట్టి బ్యాంక్ లాకర్‌లోనో, ఇంట్లో ఆడవాళ్ల దగ్గరో ఉంచండి. యజమానికి ఏమైనా అయితే ఆ కాగితమే కుటుంబానికి దిక్కు.

గుమాస్తా నమ్మకస్తుడైనా క్లౌడ్ అకౌంట్ మీ పేరు మీద, మీ ఫోన్ నంబరుతోనే ఉండాలి. ఓటీపీ మీకే రావాలి. అతను రేపు మానేసినా, అతని ఫోన్ పోయినా లెక్కలు మీ దగ్గరే ఉంటాయి. అది అనుమానించడం కాదు, అతనికీ అదే క్షేమం. ఏదైనా బయటకు పొక్కితే ముందు నింద పడేది అతని మీదే.

పాతబజార్

మీ పక్క దుకాణాయనకు కూడా ఒక మాట చెప్పండి. ఆ సీపీయూలో జీమెయిల్, నెట్ బ్యాంకింగ్ తెరిచే ఉంటాయి. ఫోన్‌లోంచి గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ మెషీన్‌ను సైన్ అవుట్ చేయమనండి. పాస్‌వర్డ్‌లు మార్చి, బ్యాంక్‌కు కూడా చెప్పాలి. పోలీస్ ఫిర్యాదులో కంప్యూటర్‌తో పాటు అందులోని లెక్క పుస్తకాలు కూడా పోయాయని రాయించాలి. రేపు జీఎస్టీ ఆఫీసులో అడిగితే ఆ కాపీ కావాలి. తక్‌పట్టీ ఫోటోల కన్నా ఇది ముందు.

క్లౌడ్ విషయానికొస్తే, జిప్ చేసి పాస్‌వర్డ్ పెట్టాకే అయితే నాకు అభ్యంతరం లేదు. ఫైల్ అలాగే ఎక్కిస్తానంటే మాత్రం నేను వద్దనే అంటాను.

ఖమ్మం_అడ్తి

ఆయనకు ఇప్పుడే ఫోన్ చేశాను, జీమెయిల్ తెరిచే ఉందట. వాళ్లబ్బాయి సైన్ అవుట్ చేస్తున్నాడు.

మేం డిస్క్ కొంటున్నాం, క్లౌడూ పెడుతున్నాం, రెండింటికీ తాళం వేసే. పద్దులమనిషి గారూ, తీసిన బ్యాకప్ సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పద్దులమనిషి

ఇంకో కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి చూడటమే దారి. అసలు మెషీన్‌లో అసలు ఫోల్డర్‌లోకే రీస్టోర్ చేయొద్దు, ఉన్న కంపెనీ మీదే రాసేసే ప్రమాదం ఉంది. ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసుకోండి. తెరిచాక డే బుక్‌లో ఆఖరి ఎంట్రీ తేదీ, క్యాష్ బ్యాలెన్స్, బాగా నడిచే రైతు ఖాతాలు కొన్ని రెండుచోట్లా పోల్చండి. పైసాతో సహా కలవాలి. మూణ్నెల్లకోసారి ఇలా చూడండి.

ఖమ్మం_అడ్తి

ఆదివారం మార్కెట్‌కు సెలవు. మా బావమరిది ల్యాప్‌టాప్‌లో గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకుని చేస్తాం. బ్యాలెన్స్ కలవకపోతే ఇక్కడే మళ్లీ అడుగుతాను.