మన్యం తిరుగుబాటు పాఠానికి సినిమా వేస్తే లాభమా, నష్టమా?

ప్రశ్న:
ఎనిమిదో తరగతికి అల్లూరి నడిపిన మన్యం తిరుగుబాటు, అంటే రంప తిరుగుబాటు (1922–24) చెప్పాలి. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ పూర్తిగా వేయడం మేలా, ‘ఆర్ఆర్ఆర్’లో ముక్కలు చూపిస్తే చాలా? అసలు సినిమాతో చరిత్ర వంటబడుతుందా, పాటలూ ఫైట్లే మిగులుతాయా?

జవాబు 1:
పూర్తి సినిమా వద్దండి, నాలుగు పీరియడ్లు పోతాయి. పోలీసు స్టేషన్ల మీద దాడుల భాగం ఏడెనిమిది నిమిషాలు చాలు. ముందు బోర్డు మీద రాయండి: 1922 ఆగస్టు 22 చింతపల్లి, 23 కృష్ణదేవిపేట, 24 రాజవొమ్మంగి. మూడూ మ్యాపులో గుర్తు పెట్టించండి. కొండదారుల్లో వరసగా మూడు రోజులు మూడు స్టేషన్లు కొట్టడం ఊళ్ళ సాయం లేనిదే కుదరదని మ్యాపు చూస్తేనే తడుతుంది.

కారణాలు మాత్రం సినిమాకి వదలొద్దు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకి (అడవి నరికి చేసే సాగుకి) పెట్టిన అడ్డంకులు, ఘాట్ రోడ్డు పనుల్లో గిరిజనులకి కూలి సరిగ్గా ఇవ్వని డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, హక్కులు పోగొట్టుకున్న ముఠాదార్లు (కొండ ఊళ్ళ మీద పన్ను వసూలు చేసే పెద్దలు): ఇవి పాఠంలోంచే రావాలి. లేదంటే ‘తెల్లదొర చెడ్డవాడు కాబట్టి తిరగబడ్డారు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. అల్లూరి వెంట పోరాడిన గాం గంటందొర, మల్లుదొర పేర్లు పరీక్షలో ఒక్కరూ రాయరు.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి. ‘సినిమాలో కల్పన ఉంటుంది, జాగ్రత్త’ అని చెప్పి వదిలేస్తే పనిచేయదు. 2009లో అమెరికాలో ఆండ్రూ బట్లర్ బృందం దీన్నే పరీక్షించింది. సినిమా, పాఠం ఒకే మాట చెప్పినచోట గుర్తుండటం సుమారు 50 శాతం పెరిగింది. రెండూ విభేదించినచోట, సరైన పాఠం చదివినవాళ్ళు కూడా ఒక్కోసారి సగం దాకా సినిమాలోదే రాశారు. ఫలానా సంగతి తప్పు అని విడిగా చెప్పినప్పుడే ఆ పొరపాట్లు బాగా తగ్గాయి.

కాబట్టి క్లిప్ వేసేముందే సూటిగా చెప్పండి: 1974 సినిమాలో సీతతో ప్రేమకథ కల్పితం. ‘ఆర్ఆర్ఆర్’ అయితే ఈ పాఠానికి వద్దే వద్దు. అందులో చూపినట్టు అల్లూరి పోలీసు కాడు. కొమురం భీమ్ పోరాడింది నిజాం ప్రభుత్వంతో, ప్రాణాలిచ్చింది 1940లో జోడేఘాట్‌లో. ఇద్దరూ కలిసినట్టు ఆధారం లేదు. ఇన్ని సవరణలు చెప్పేసరికి పీరియడ్ అయిపోతుంది.

జవాబు 3:
తప్పులున్న సినిమా పనికిరాదంటే ఒప్పుకోను. తొమ్మిది, పది తరగతులకి తప్పే అసలు సరుకు. 2015 ‘రుద్రమదేవి’లో గోన గన్నారెడ్డి రుద్రమ యౌవనకాలంలోనే తిరుగుబాటుదారు. ఆయన పేరున్న రాయచూరు కోట శాసనం 1294 నాటిది, అంటే రుద్రమ తర్వాత రాజైన ప్రతాపరుద్రుడి కాలం. రుద్రమ మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనం 1289 నాటిది. ఈ రెండు శాసనాల సారాంశం అర పేజీలో ఇచ్చి, అయిదు నిమిషాల క్లిప్ వేసి, తేడా పిల్లల్నే పట్టుకోమనండి.

‘తెలుగు వీర లేవరా’ పాటనీ 1922కి కాకుండా 1974కి సాక్ష్యంగా వాడొచ్చు: అల్లూరి పోయిన యాభై ఏళ్ళకి ఆ మాటలు ఎవరిని లేవమంటున్నాయి?

ప్రశ్న అడిగినవారు:
క్లిప్ ముందా, పాఠం ముందా?

జవాబు 2:
పాఠం ముందు, తప్పుల జాబితా తర్వాత, క్లిప్ ఆఖర్న. వారం ఆగి చిన్న పరీక్ష పెట్టండి. ప్రతి జవాబు పక్కన ‘పాఠం’ లేదా ‘సినిమా’ అని, ఎక్కడ తెలిసిందో రాయించండి. మళ్ళీ ఏం చెప్పాలో ఆ కాగితాలే చెబుతాయి.