అద్దింటి హాలు, బోసి గోడ, 6,000 బడ్జెట్: చిన్న ఫ్రేములు పదా, పెద్దది ఒక్కటా?

బోసిగోడ (నల్లగొండ):
హాలు 10కి 12 అడుగులు. తలుపు తెరవంగనే ఎదురుగ 10 అడుగుల ఖాళీ గోడ, దాని ముందు 6 అడుగుల దివాను. గోడకు క్రీమ్ కలర్ డిస్టెంపర్, చెయ్యి రాస్తే పొడి అంటుతది. వానకాలం నేల నుంచి అడుగున్నర దాకా చెమ్మ ఎక్కుతది. కుడిపక్క పడమటి కిటికీ, దాని పక్కనే వరండా తలుపు. పైన నడుమ ఒక్కటే ట్యూబ్‌లైట్. ఓనరు రెండు రంధ్రాల వరకు ఒప్పుకున్నరు. కర్టెన్‌తో కలిపి 6,000 దాటొద్దు. ఆన్‌లైన్ల దొరికే చిన్న ఫ్రేములు పది కొనుడా, లేకపోతే అందరి కన్ను పడే స్టేట్‌మెంట్ పీస్ ఒక్కటి పెట్టుడా?

మగ్గంగుంత:
ఒక్కటే పెట్టండి. చిన్న ఫ్రేములు పదింటికి పది రంధ్రాలు కావాలి, మీకున్నవి రెండు. పైగా గుమ్మంలో నిలబడి చూస్తే ఒక్కోటి పోస్టల్ స్టాంపులా కనబడుతుంది.

కొలత దివాను చెప్తుంది. దాని పొడవులో మూడింట రెండు వంతులు, అంటే 72 అంగుళాలకు 48. కాబట్టి 48కి 36 ఫ్రేము చేయించి పోచంపల్లి చిట్కి (ఇకత్) బట్ట బిగించండి. మీటర్ల లెక్కన కొనకండి, సింగిల్ బెడ్‌షీట్ తీసుకోండి. 60కి 90 అంగుళాలుంటుంది. ఫ్రేముకు చుట్టూ మూడేసి అంగుళాల మడతతో కలిపి 54కి 42 పోతుంది. మిగిలింది కుషన్లకు వస్తుంది. డిజైన్ మాత్రం పెద్దది ఎంచండి. అరచేయంత గడులుంటే గుమ్మం దగ్గరికి తెలుస్తాయి, సన్న గీతలైతే దూరానికి బూడిద రంగులో కలిసిపోతాయి.

అసలుదో ప్రింటో బట్ట తిప్పితే తెలుస్తుంది. చిట్కిలో దారాన్ని ముందే కట్టి, రంగులో ముంచి, తర్వాత నేస్తారు. అందుకే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, మగ్గం మీద దారం వెంట్రుకవాసి జరగడం వల్ల డిజైను అంచు ఈకలా చెదిరి ఉంటుంది. ప్రింటుకు అంచు కత్తితో కోసినట్టుంటుంది, వెనక వెలవెలబోతుంది. పుట్టపాక తేలియా రుమాలు (నూనె పట్టించిన దారంతో నేసే చిట్కి) ఈ గోడకు ఇంకా బాగుంటుంది గానీ మీ బడ్జెట్‌లో ఆశపడొద్దు. ఆ పేరుతో చవగ్గా ఇస్తున్నారంటే అనుమానించండి.

ముందు బట్ట ఉతకండి. ఉప్పేస్తే రంగు నిలుస్తుందనేది వట్టి నమ్మకం. నీళ్లు తేటగా వచ్చేదాకా చల్లని నీళ్లలో జాడించడమే పని. ఎరుపు, నలుపు ఉన్న బట్టకు మూడుసార్లైనా పడుతుంది. నీడలో ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయండి.

చెక్క ఒకటిన్నర అంగుళం వెడల్పు, ముప్పావు అంగుళం మందం, మొత్తం 18 నుంచి 20 అడుగులు. చుట్టుకొలతకు 14, నడుమ అడ్డపట్టీకి 3, మిగిలింది కోతలకు. ఆ అడ్డపట్టీ వద్దని వడ్రంగి అన్నా వేయించండి. లేకపోతే బట్ట బిగువుకు పొడుగు చెక్కలు లోపలికి వంగి, ఫ్రేము నడుము సన్నబడ్డట్టు కనిపిస్తుంది. బట్ట కింద తెల్ల కోరా గుడ్డ ఒక పొర వేయండి, అది లేకపోతే చెక్క నీడ ముందుకు తేలుతుంది.

స్టేప్లర్‌తో కొట్టేటప్పుడు మూలల నుంచి మొదలుపెట్టొద్దు. పై చెక్క నడుమ ఒక పిన్ను, ఎదురుగా కింది నడుమ ఒకటి, తర్వాత ఎడమ, కుడి. అక్కడి నుంచి రెండేసి అంగుళాలకు ఒకటి చొప్పున మూలల వైపు వెళ్లాలి. ప్రతి పది పిన్నులకు ఒకసారి ముందుకు తిప్పి గడి గీత చెక్క అంచుకు సమాంతరంగా ఉందో లేదో చూడండి. చిట్కి గడి పావు అంగుళం వంకర పోయినా దూరం నుంచి గోడే వంకరున్నట్టుంటుంది.

పాలమూరుమేస్త్రి:
బట్ట సంగతి అన్న చెప్పిండు, తగిలించే సంగతి నేను చెప్త. డబల్ టేపులు, అంటించే హుక్కులు ఆ గోడకు పనికిరావు. టేపు మంచిగనే పట్టుకుంటది, కానీ అది పట్టుకునేది డిస్టెంపర్ పొరను. ఆ పొర గోడను ఇడిచిపెడితే పెచ్చుతోటి సహా ఫ్రేము దివాను మీదికొస్తది. సుత్తెతో మేకు కొట్టినా ప్లాస్టరు రాలుతది.

6 మి.మీ. డ్రిల్లు బిట్టుతోని 40 మి.మీ. లోతు రెండు రంధ్రాలు ఎయ్యుండ్రి. ప్లాస్టరే 12–15 మి.మీ. ఉంటది, స్క్రూ పట్టే ప్లాస్టిక్ ప్లగ్గు దాన్ని దాటి ఇటుకల కూసోవాలె. బిట్టు మీద 40 దగ్గర టేపు సుడితే లోతు తప్పది. రంధ్రంల దుమ్ము ఊదేసినంకనే ప్లగ్గు కొట్టాలె, దుమ్మున్నదంటే స్క్రూతో పాటు ప్లగ్గు గూడ తిరుగుతది. రెండింటికి నడుమ 30 అంగుళాలు. ఫ్రేము బరువు మూడు కిలోల లోపే ఉంటది, రెండు స్క్రూలకు అది లెక్కనే కాదు. స్విచ్చుబోర్డుకు నిలువు గీతల మాత్రం డ్రిల్లు పెట్టకుండ్రి, లోపల వైరు పైపుంటది.

ఎత్తు: ఫ్రేము కింది అంచు నేల నుంచి 40 అంగుళాలు. అట్లయితే నడుమభాగం 58 కాడికొస్తది, నిలబడ్డోళ్లకు సక్కగ కనిపిస్తది. చెమ్మ 18 అంగుళాల కాడనే ఆగుతుందన్నరు గాబట్టి ఫికరు లేదు. అయినా కింది రెండు మూలలకు వెనక రబ్బరు బిళ్లలు అతికియ్యుండ్రి, గాలాడుతది.

పైసలల్ల కొన్ని లైటుకు ఉంచుకోండ్రి. నడుమ ట్యూబ్‌లైట్ కింద ఎంత మంచి నేతైనా క్యాలెండర్ లెక్కనే కనిపిస్తది. 9 వాట్ల ఎల్‌ఈడీ, 3000 కె పసుపు వెలుగుది, క్లాంపు ల్యాంపుల పెట్టి పక్క నుంచి ఏటవాలుగ కొట్టియ్యాలె. అప్పుడు దారం దారం లేస్తది.

నారాయణపేటచెక్స్:
బోసిగోడ గారూ, పడమటి కిటికీకి ముందు తెర వేయండి, తర్వాత ఫ్రేము తగిలించండి. మధ్యాహ్నం ఎండ నేరుగా పడితే రెండు వేసవులకే చిట్కి బట్టలోని ఎరుపు ఇటుకపొడి రంగుకు దిగుతుంది, కుడిసగం ఒక రంగు, ఎడమసగం ఇంకో రంగు అవుతుంది.

వరండా తలుపుకు కర్టెన్ బట్ట కంటే నారాయణపేట కాటన్ చీర నయం. అంచులు పొడవునా ఉంటాయి కాబట్టి నిలువుగా వేలాడదీస్తే రెండు పక్కలా కుట్టకుండానే బార్డరు వచ్చేస్తుంది. లెక్క ఇలా: చీర 5.5 మీటర్లు. పైట వైపు 80 సెంటీమీటర్లు కోసి పక్కన పెట్టండి. పైటతో సహా రెండు ముక్కలు చేస్తే ఒక తెరకు కింద పైట, రెండోదానికి ఏమీ ఉండదు, జత కుదరదు. మిగిలిన 4.7ను రెండు చేస్తే 2.35 మీటర్లు చొప్పున వస్తాయి. ఏడడుగుల వరండా తలుపుకు 2.13 చాలు. కోయకముందే నానబెట్టి ఆరేయాలి, కాటన్ నూటికి నాలుగైదు పాళ్లు కుంచించుకుంటుంది. కుట్టాక కుంచిస్తే తెర చీలమండ పైకెక్కిన లాగులా ఉంటుంది. కిటికీకి రెండో చీర కొనక్కర్లేదు, ఆ అంచు రంగులోనే మందపాటి సాదా బట్ట చాలు.

మగ్గంగుంత గారితో ఒక్క పేచీ. మిగిలిన బెడ్‌షీట్‌తో కుషన్లు కుట్టొద్దు. గోడ మీదున్నదే దివాను మీద కూడా కనిపిస్తే గోడకున్న గొప్ప పోతుంది. ఫ్రేములోని ఏదో ఒక రంగు సాదా గలేబులు వేయండి.

మగ్గంగుంత:
గలేబుల మాట ఒప్పుకుంటున్నా. మిగిలిన ముక్క దాచిపెట్టండి, ఫ్రేములోది వెలిశాక మార్చుకోవచ్చు.

బోసిగోడ (నల్లగొండ):
శానా థాంక్స్. ఇంకో రెండు డౌట్లు. కూలగొట్టిన పాతింటి టేకు తలుపు రెక్క ఒకటి చవకల వస్తున్నది, ఆరున్నర అడుగులు. బట్ట బదులు అదే గోడకు ఆనిచ్చి నిలబెడితే? పాత ఇత్తడి కాగుల మొక్క పెడదామని గూడ ఉన్నది.

పాలమూరుమేస్త్రి:
ఆ గోడకు వద్దు. అడుగున్నర వెడల్పు, అంగుళమున్నర మందం టేకు రెక్క 22 కిలోల దాక తూగుతది. చెమ్మ ఉన్న ఆ అడుగున్నరల్నే దాని కాళ్లుంటయి. పిల్లలున్న ఇంట్ల పైన క్లాంపు లేకుంట ఆనిచ్చుడు ఇంకా తప్పు, మీకు మూడో రంధ్రానికి పర్మిషన్ లేదాయె. కొనాలనే ఉంటే కొనేముందు చూడుండ్రి: గుండుసూది తలకాయంత రంధ్రాలు, కింద పిండి లెక్క పొడి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉన్నది, ఇంటికి తేవద్దు.

నారాయణపేటచెక్స్:
కాగు మంచి ఆలోచనే, కానీ ఫ్రేమున్న గోడకు కాదు. ఎదురు మూలలో పెట్టండి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. తూకానికి అమ్మే పాత సామాన్ల కొట్లో 3–4 కిలోలది చాలు. అయస్కాంతం అంటితే అది ఇనుము మీద పూత. వేలి కణుపుతో కొడితే ఖంగున మోగాలి, మొద్దుగా పలికితే ఎక్కడో పగులుంది.

చింతపండు, ఉప్పుతో తోమాక రెండుసార్లు నీళ్లతో కడిగి వెంటనే గుడ్డతో తుడవండి. ఉప్పు మిగిలిన చోటే పచ్చ చిలుము లేస్తుంది. మట్టి నేరుగా కాగులో పోయొద్దు. అడుగున రంధ్రమున్న ప్లాస్టిక్ కుండీలో మొక్క పెట్టి, కాగులో ఇటుక ముక్క మీద నిలపండి. మొక్కకు బోరునీళ్లు పోస్తే కాగు లోపల తెల్ల ఉప్పు వలయాలు కడతాయి. వారానికోసారి కుండీ పైకెత్తి, అడుగున నిలిచిన నీళ్లు పారబోయండి.