విజయవాడ కృష్ణలంకలో అందరం కలిసి కాల్చుకునే దీపావళి: ఈ ఏడు ఉండాలా, ఆగిపోవాలా?

గట్టువాసి:
అందరికీ నమస్కారం. మా పేట మైదానంలో దీపావళి రాత్రి జరిగే బాణసంచా వేడుకకు 22 ఏళ్ళు నిండాయి. ఈసారి జరుగుతుందన్న ధైర్యం నాకు లేదు. ఒకప్పుడు చందా పుస్తకం పట్టుకుని బయలుదేరితే నాలుగు రోజుల్లో పని పూర్తయ్యేది. ఇప్పుడు అపార్ట్‌మెంటు గేటు దగ్గరే కాపలాదారు ఆపేస్తున్నాడు. పోలీసులు, అగ్నిమాపక శాఖ, కార్పొరేషన్, ముగ్గురి దగ్గరకూ తిరగాలి. దరఖాస్తు మీద ఒకరు సంతకం పెట్టాలి. ఇన్నేళ్ళూ ఆ సంతకం నాదే. ఇప్పుడు మన పేటవాళ్ళే ఒకరు వేడుక ఆపించమని ఫిర్యాదు రాసి ఇచ్చారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆపకూడదు. రెండు మూడు వేలు పెట్టి మందుగుండు కొనలేని ఇళ్ళు కృష్ణ గట్టు పక్కన చాలా ఉన్నాయి. ఆ పిల్లలకు పండుగంటే ఆ మైదానమే. వీలైతే అందరూ ఒకేచోట కలిసి కాల్చుకునే ఏర్పాటు చూడమని 2018 అక్టోబరు తీర్పులో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకు చెప్పింది. మనం అదే చేస్తున్నాం. మైదానం మూసేస్తే సందు సందునా ఎవరికి వారు కాలుస్తారు. అప్పుడు పొగ తగ్గుతుందా?

నాలుగో అంతస్తు:
ఆ ఫిర్యాదు నాదే బాబాయి గారూ, దాచుకోవలసిన పని లేదు. మా కిటికీ తెరిస్తే మైదానం కనిపిస్తుంది. మా అమ్మకు ఉబ్బసం. ఆ రాత్రి తలుపుల కింద తడిగుడ్డలు కుక్కి కూర్చుంటాం. మీరు చెప్పిన ఆ తీర్పే రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని కూడా చెప్పింది. నిరుడు 10:20కి కూడా మైదానంలో గుండ్లు పైకి లేస్తూనే ఉన్నాయి.

పటమట పాఠకుడు:
విజయవాడ, గుంటూరు రెండూ 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్న నగరాలు. గాలి ప్రమాణాలకు తగినట్టు లేదని గుర్తించిన ఊళ్ళనే ఆ జాబితాలో పెట్టారు. ఈ సంగతి మరచిపోకండి.

గట్టువాసి:
అమ్మా, 10:20 కాదు. 10:05కి ఆఖరి గుండు లేచింది. నా చేతి గడియారం చూసి నేనే చెయ్యి ఊపాను. ఐదు నిమిషాలు దాటిన మాట ఒప్పుకుంటాను. ఇరవై నిమిషాలంటే ఒప్పుకోను.

ఘాటు మెట్లు:
ఈ గొడవంతా ఎందుకు? 2024 అక్టోబరు 22న పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయి. గిన్నిస్ రికార్డులు కూడా వచ్చాయి. పొగ లేదు, చప్పుడు లేదు. ఇక నగరాలన్నీ అటే వెళ్ళాలి.

మందుపని:
ఆ రాత్రి నేనూ చూశాను. బాగుంది, కాదనను. కానీ అంత ప్రదర్శన పేట చందాలతో అయ్యే పని కాదు, ప్రభుత్వం వెనక ఉంటేనే అవుతుంది. మా తాత, మా నాన్న మతాబులు, చిచ్చుబుడ్లు కట్టినవాళ్ళు. సూరేకారం, గంధకం, బొగ్గు పాళ్ళు నాకు ఎక్కాలతో పాటే వచ్చాయి. ఇప్పుడు సొంతంగా కట్టడం లేదు, లైసెన్సు ఉన్నవారి దగ్గర పనికి వెళ్తాను.

ఇంకో మాట. హరిత టపాకాయలంటే ఆకుపచ్చగా వెలిగేవని కొందరు అనుకుంటున్నారు. మంటకు ఆకుపచ్చ రంగు ఇచ్చేది బేరియం. ఆ 2018 తీర్పులో కోర్టు వద్దన్న లవణాలు ఆ బేరియంవే. హరిత టపాకాయ అంటే పొగ, ధూళి కొంత తగ్గేలా నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి కూర్పు మార్చినది. పొగ పూర్తిగా పోదు. ఆ అమ్మ బాధలో అబద్ధం లేదు.

నాలుగో అంతస్తు:
10:05 అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. నా ఫోనులో వీడియో ఉంది. మొదలు పెట్టిన సమయం 10:17. అందులో మూడు గుండ్లు వరసగా పేలాయి. మీ గడియారం నమ్మాలా, ఫోను నమ్మాలా?

గట్టువాసి:
అవి మా మైదానంవి అని ఎలా చెబుతారు? పక్క సందులో పిల్లలు కాల్చినవి కావచ్చు. ఇరవై రెండేళ్ళలో ఒక్కరికి నిప్పురవ్వ తగలకుండా చూశాం. పెళ్ళైన మొదటి ఏడు నుంచి నా భార్య దీపావళి రాత్రి ఇంట్లో ఒంటరిగానే దీపాలు పెట్టుకుంది. నేను మైదానంలో ఇసుక బస్తాల దగ్గర ఉండేవాణ్ణి. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వచ్చినప్పుడు ఈ కమిటీ పిల్లలే రాత్రంతా గట్టు మీద కాపలా కాశారు. ఇంత చేసిన వాళ్ళ మీద పది నిమిషాల కోసం ఫిర్యాదా?

సింగ్‌నగర్ అమ్మ:
ఆ సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకి వచ్చింది. మంచాలు, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు, అన్నీ బురదే. ఆ దీపావళికి కొత్త బట్టలు లేవు, ఒక్క కాకరపువ్వొత్తి కూడా కొనలేదు. పిల్లలిద్దరినీ ఆటోలో మీ మైదానానికే తీసుకొచ్చాను. నా చిన్నది తల పైకెత్తి చూస్తూ నా కొంగు వదల్లేదు. రెండు నెలల తరువాత అది నవ్విన మొదటి రాత్రి అదే. ఆపకండయ్యా.

బెంజి సర్కిల్:
2022లో దీపావళికి ముందురోజు జింఖానా మైదానంలో బాణసంచా దుకాణాలు తగలబడి ఇద్దరు చనిపోయారు. అప్పుడే నేర్చుకోవలసింది.

మందుపని:
అది దుకాణాల దగ్గర జరిగింది, ప్రదర్శనలో కాదు. రెండూ కలపకండి. ప్రదర్శనలో జాగ్రత్త వేరు. గుండ్లను పైకి లేపే గొట్టాలను ఇసుకలో సగానికి పైగా పాతాలి. లేచిన ప్రతి గుండునూ ఒక మనిషి లెక్కపెట్టాలి. గొట్టంలో ఆగిపోయినదాని మీదికి ఎవరూ వంగకూడదు, చాలాసేపు అలాగే వదిలేసి నీళ్ళు పొయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం చివరి పని. పైకి లేచి పేలకుండా కిందపడినవి ఉంటాయి. అదే రాత్రి లాంతర్లతో ఒకసారి, తెల్లవారగానే ఒకసారి, మనుషులు వరసగా నిలబడి మైదానమంతా నడిచి ఏరాలి. దొరికినవాటిని నీళ్ళ బకెట్లో ముంచాలి. పిల్లల కంటే ముందు మనం లేవాలి.

నాలుగో అంతస్తు:
నిరుడు ఆ చివరి పని చేశారా? కమిటీవారిని అడుగుతున్నాను.

గట్టువాసి:
ప్రతి ఏడూ చేస్తాం.

నాలుగో అంతస్తు:
నిరుడు గురించి అడిగాను.

గట్టువాసి:
అమ్మా, మీరు సమయం నుంచి మొదలుపెట్టి ఎక్కడెక్కడికో వెళ్తున్నారు. మీకు ఈ పేట మీద, ఈ పండుగ మీద ఇష్టం లేదు. నాలుగేళ్ళ క్రితం వచ్చి ఫ్లాటు కొన్నారు. మేము ఇక్కడ పుట్టాం. మీకు నిశ్శబ్దం కావాలంటే దానికి ఊళ్ళో వేరే చోట్లున్నాయి.

ఘాటు మెట్లు:
ఈ మాట బాగాలేదండీ.

నాలుగో అంతస్తు:
నేను ఎక్కడికీ వెళ్ళలేదు. మొదటి నుంచీ ఒక్కచోటే ఉన్నాను. ఇప్పుడు మొత్తం చెబుతాను.

10:20కి పోలీసులు వచ్చి సమయం దాటిందని అందరినీ పంపించేశారు. మీవాళ్ళు గొట్టాలు వ్యానులోకి ఎక్కించారు. దీపాలు ఆర్పేశారు. ఎవరూ వెదకలేదు. అంతా నా కిటికీలోంచి చూశాను. తెల్లవారి ఆరు గంటలకు మా అక్క కొడుకు, పదకొండేళ్ళవాడు, పండుగకని మా ఇంటికి వచ్చినవాడు, కింది ఇంటి పిల్లలతో కలిసి మైదానంలో పేలనివి ఏరుకోవడానికి వెళ్ళాడు. ఈ ఊళ్ళో పిల్లలందరూ చేసేదే. కాగితం మీద మందు పోసి అంటించవచ్చని. టపాకాయ అనుకుని ఒకదాన్ని చిదిపాడు. అది టపాకాయ కాదు. రెండు వేళ్ళు పోయాయి.

ఆస్పత్రిలో 19 రోజులున్నాం. కమిటీ నుంచి ఒక్కరూ రాలేదు. మీ మైదానందే అని ఏమిటి నమ్మకం, కొనుక్కున్నదేమో అని మీ కమిటీ కుర్రాడు ఒకరు మా వాచ్‌మన్‌తో అన్నారు. ఇప్పుడు మీరు కూడా ఆ వీడియో చూసి పక్క సందువేమో అన్నారు. రెండుసార్లూ అదే మాట.

మీరు పది నిమిషాలంటారు. ఆ నిమిషాల వల్లనే ఆ రాత్రి ఎవరూ మైదానం నడవలేదు. నాకు బాణసంచా మీద కోపం లేదు. ఆ సింగ్‌నగర్ అమ్మ పాప నవ్వితే నాకూ సంతోషమే. దరఖాస్తు మీద సంతకం ఆ రాత్రి పది గంటలతో అయిపోతుందా, తెల్లవారి కూడా ఉంటుందా? నా ఫిర్యాదులో రాసింది కూడా ఇదే. మీరు చదవలేదు.

సింగ్‌నగర్ అమ్మ:
అయ్యో తల్లీ.

మందుపని:
పైకి లేచే గుండు పగలు చేతిలో పట్టుకుంటే కాగితం చుట్టిన నిమ్మకాయలా ఉంటుంది. పిల్లలకు భయం వేయదు. ఆ పని మాది. ఎవరు వ్యానెక్కించినా మైదానం నడవకుండా కదలకూడదు. పోలీసులు పొమ్మన్నా ఇద్దరిని ఉంచమని అడగాలి. కారణం చెబితే వాళ్ళూ కాదనరు.

పటమట పాఠకుడు:
గట్టువాసి గారూ, సమాధానం చెప్పండి.

గట్టువాసి:
నిన్నటి నుంచి నాలుగుసార్లు రాసి తుడిచేశాను.

నాకు తెలియదమ్మా. బాబుకు చెయ్యి కాలిందని మాత్రం విన్నాను, ఇంట్లో కాల్చుకుంటుంటే అయిందన్నారు. నేను నమ్మాను. నమ్మడం తేలికగా ఉంది కాబట్టి నమ్మాను. 10:05కి నేను చెయ్యి ఊపిన మాట నిజమే. తెచ్చిన సరుకు మిగిలింది, డబ్బు ఇచ్చినవాళ్ళు చూస్తున్నారు కానివ్వండి అని ఎవరో అన్నారు. నేను కాదనలేదు. బీపీ మాత్ర వేసుకోవాలని ఇంటికి వచ్చేశాను. లాంతర్లు మా ఇంటి వరండాలోనే ఉన్నాయి, బయటికే రాలేదు.

సంతకం నాది. తెల్లవారి కూడా నాదే.

ఫ్లాటు గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బెంజి సర్కిల్:
అయితే ఈ ఏడు వేడుక ఉన్నట్టా, లేనట్టా?

గట్టువాసి:
అది తరువాత. అమ్మా, బాబుది ఏ చెయ్యి?

నాలుగో అంతస్తు:
కుడి చెయ్యి.

గట్టువాసి:
రేపు సాయంత్రం మీ ఇంటికి వస్తాను. మీరు లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గర నిలబడతాను.

నాలుగో అంతస్తు:
వాడు మా దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు. ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. ఏడు దాటాక రండి, బాబాయి గారూ.